నా సీటు ఇరవయ్యొక్క కిలోలు

బహ్రెయిన్‌లోని జింజ్‌లో మా ఇంటి షెడ్డులో కాకరకాయ రంగు కారు బండి ఒకటుంది. మా ఇల్లు అంటున్నానని నవ్వకండి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేసి, బట్టలు ఇస్త్రీ చేసి, ఏ గదిలో ఏ మేకు వదులయిందో కూడా తెలిసినదాన్ని. ఆ ఇల్లు నీది కాదు అనడానికి ఇంటావిడకు తప్ప ఎవరికీ నోరు రాదు. ఆవిడైనా కోపం వచ్చినప్పుడే అంటుంది. ఇక్కడ ఇంటావిడను 'మామా' అని పిలవాలి. నేను అమలాపురం దగ్గరి పల్లె నుంచి వచ్చినదాన్ని. కొత్తలో మామా అని పిలిచినప్పుడల్లా మా మేనమామ మీసాలు గుర్తొచ్చి నవ్వు ఆగేది కాదు. ఆ నవ్వు చూసి, ఈ మనిషికి కాస్త తేడా ఉందని ఆవిడ చాలా రోజులు అనుకుందట.

బండి ఆవిడ కూతురిది. నేను వచ్చేనాటికి దానికి నాలుగేళ్ళు. ఇప్పుడు ఇరవై రెండు, ఆఫీసులో ఉద్యోగం. నన్ను 'ఖాలా' అంటుంది, అంటే పిన్ని. నా చేతి ముద్దలు తింటూ నా మాటలూ నేర్చుకుంది కాబట్టి తెలుగు మాట్లాడుతుంది, అదీ అచ్చంగా మా కోనసీమ యాసలో. బురఖా వేసుకున్న అరబ్బు పిల్ల "ఏటి ఖాలా, ఇయ్యాల పులుసు లేదేటి?" అని అడుగుతుంటే మార్కెట్టులో మనవాళ్ళు ఆగి మరీ చూసేవారు. నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

చదువు అయిపోయాక ఇంట్లోవాళ్ళు ఆ బండి కొనిచ్చారు. మీట నొక్కితే గుడ్డ టాపు ముడుచుకుని వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది. ఇంజను మొదలుపెడితే వంటింట్లో పళ్ళాలు గణగణమంటాయి. మొదటిసారి ఆ చప్పుడుకి నేను పొయ్యి కట్టేసి బయటికి పరుగెత్తాను. తరవాత అలవాటైంది, ఇష్టం కూడా అయింది.

శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరక ముందు, అది నన్ను ఆ బండిలో తిప్పేది. "చున్నీ గట్టిగా కట్టుకో ఖాలా" అని, నేను కట్టుకునేదాకా కదిలించేది కాదు. వంతెన దాటి ముహర్రక్, అక్కడి నుంచి అరాద్ సముద్రపు ఒడ్డు. నెత్తి మీదుగా విమానాలు దిగుతుంటే వాటి చక్రాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఒడ్డున బండి ఆపి ఇద్దరం చిక్కటి కరక్ చాయ్ తాగేవాళ్ళం. నేను వేరుశెనక్కాయలు వలిచి దానికి పెట్టేదాన్ని. వారంలో ఆరు రోజులు నేను పనిమనిషిని. ఆ ఒక్క గంటా, ఆ కుడిపక్క సీట్లో, ఎవరూ నన్ను దేనికీ పిలవరు. ఆ గంట కోసం నేను గురువారం రాత్రే తలకు నూనె పెట్టుకునేదాన్ని.

అరాద్‌లో చాయ్ దుకాణం పక్కనే ఒక గ్యారేజీ ఉంది. అందులో మెకానిక్కు జగిత్యాల మనిషి, నలభై దాటినవాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే విని పలకరించాడు. అలా అక్కా తమ్ముళ్ళమయ్యాం. "దుబాయికొచ్చి పన్నెండేండ్లాయె అక్కా" అంటాడు. ఇది బహ్రెయిన్ తమ్ముడూ, దుబాయి కాదు అంటే, "ఏదైతేంది, ఇంటికాడ చెప్పేది దుబాయే" అంటాడు. వాడితో వాదించి గెలవడం నావల్ల కాలేదు.

ఈ చలికాలంలో అమ్మాయికి కొత్త పిచ్చి పట్టింది. సాఖిర్‌లోని రేసు ట్రాకు మీద ఒక శనివారం ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని, గడియారంతో పోటీ పడే పందెం ఉందట. తేలిక బండ్లకో వరస, బరువు బండ్లకో వరస. తేలిక బండ్ల వరసలో చేరాలంటే దీని బండి ఎనభై కిలోలు తగ్గాలి. బరువు బండ్ల వరసలో పడితే పెద్ద పెద్ద ఇంజన్ల పక్కన ఇది కనబడను కూడా కనబడదు. నెల రోజులు దానికి తిండీ నిద్రా ఆ ఎనభై కిలోలే.

నాకు అర్థం కాలేదు. "టాపే లేదు కదా, ఇంకా బరువేమిటి?" అన్నాను.

"గదే తమాషా అక్కా," అన్నాడు మెకానిక్ తమ్ముడు. "మీదికెళ్ళి టాపు కోసేస్తే బండి మెలిక పడతది. అందుకని కింద ఇనుము ఎక్కువ ఏస్తరు. టాపు మలిచే మోటార్లు మల్ల వేరే. టాపున్న బండి కన్న గిదే ఎక్కువ బరువుంటది."

"ఆ కింద ఇనుమే తీసేస్తే పోలేదా?"

"దాన్ని మాత్రం ముట్టద్దు. తీసినవంటే నులక తెగిన మంచం లెక్కయితది."

నాకు ఈ పనిలో చోటు దొరకడానికి కారణం నా కాటా. కొక్కెం ఉన్న లగేజీ కాటా అది, సామాను తగిలించి ఎత్తితే అంకెలు పడతాయి. ఊరికి వెళ్ళే ఆడవాళ్ళందరూ కార్టన్లు నా దగ్గరే కట్టించుకుంటారు. ముప్పై కిలోలు దాటితే విమానాశ్రయంలో అందరి ముందూ తాడు విప్పి సామాను బయటికి తియ్యాలి, అంత నామర్దా ఇంకోటి లేదు. ఇన్నేళ్ళలో నేను కట్టిన కార్టను ఒక్కటి కూడా కౌంటరు దగ్గర విప్పలేదు. చేత్తో ఎత్తి అర కిలో తేడాలో చెప్పగలను. అంతకన్నా ముఖ్యం, ఏది తియ్యాలో చెప్పగలను. బరువుని బట్టి తియ్యకూడదు, తీస్తున్నప్పుడు ఆ మనిషి ముఖం చూసి తియ్యాలి. సబ్బులు తీస్తే ఎవరి ముఖమూ మారదు. పాలపొడి డబ్బా తీస్తే కాస్త మారుతుంది. పిల్లల బొమ్మ మీద చెయ్యి పడితే కళ్ళు నిండుతాయి, అప్పుడు నేను బొమ్మ అక్కడే పెట్టి ఇంకేదో వెతుకుతాను.

బండికీ అదే పద్ధతి పెట్టాను. షెడ్డులో, బండి వెనక, తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసుకుని కూర్చునేదాన్ని. అమ్మాయీ, సాయానికి వచ్చే మెకానిక్ తమ్ముడూ విప్పి ఇచ్చేవారు, నేను కాటాకు తగిలించి బరువు పైకి చదివేదాన్ని. స్టెప్నీ చక్రం, జాకీ తీస్తే అమ్మాయి ముఖంలో ఏమీ లేదు. డిక్కీలో పరిచిన తివాచీ, దాని కింది దళసరి నార తీసినా ఏమీ లేదు. వెనక సీట్లు రెండు తీశారు. అవి సీట్లని పేరే గాని పిల్లి కూడా కాళ్ళు ముడుచుకోవాలి. పాటల పెట్టె తీసినప్పుడు మాత్రం దాని కింది పెదవి బయటికి వచ్చింది, నాలుగేళ్ళప్పుడు వచ్చినట్టే. పెద్ద బ్యాటరీ తీసి అరచేతిలో పట్టే చిన్నది బిగించారు. సీట్లకు వేడి పుట్టించే తీగలున్నాయని తమ్ముడు చూపిస్తే నాకు నవ్వాగలేదు. ఈ దేశంలో సీటుకి వేడి కావాలనుకున్న మహానుభావుడెవరో!

అరవయ్యొక్క కిలోలు తగ్గింది. అక్కడ ఆగిపోయింది.

ఇంకా పంతొమ్మిది కావాలి. ముగ్గురం బండి చుట్టూ తిరిగాం. మామా కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వచ్చింది, చూసింది, నడిపేవాళ్ళు ఒక్కరేగా, ఆ పక్క సీటు ఎందుకు అని అరబ్బీలో అడిగింది. ఆవిడ వెళ్ళాక తమ్ముడు నా వైపు చూడకుండా, "అక్కా ఏమనుకోకు, ఆ సీటు తీస్తే పనయితది," అన్నాడు. నాలుగు బోల్టులే. వెనక్కి జరిపితే ముందు రెండు, ముందుకు జరిపితే వెనక రెండు. కింద ఎయిర్‌బ్యాగు తీగకు పసుపు రంగు ప్లగ్గుంటుంది, బండి తాళం తిప్పి ఉన్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. ఇవన్నీ అమ్మాయికి చెబుతున్నాడు, నేను వింటున్నాను. అమ్మాయి మాత్రం ఉహూ అనలేదు, ఊ అనలేదు.

ఆ ఏమీ అనకపోవడమే నాకు మండింది. వద్దు అనొచ్చు కదా? నోటిదాకా వచ్చింది గాని అడగలేదు. అడిగితే, ఖాలా ఇది పందెం బండి, నీ షికారు బండి కాదు అంటుందేమోనని భయం. అనే హక్కు దానికుంది, బండి దానిది. వారం రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. కోపం కొద్దీ చాయ్‌లో ఏలకులు వెయ్యడం మానేశాను. ఎవరూ గమనించలేదు, దాంతో కోపం ఇంకా పెరిగింది. శుక్రవారం బండి విప్పి ఉంది కాబట్టి షికారు లేదు. ఇక ఎప్పుడూ ఉండదనే నేను నిశ్చయించుకున్నాను.

ఇక్కడ 'షీలి' అనే మాట గురించి చెప్పాలి. నేను నేర్చుకున్న మొదటి అరబ్బీ మాట అదే. పళ్ళెం షీలి అంటే పళ్ళెం తియ్యి. మూట షీలి అంటే మూట ఎత్తు. చెత్త షీలి అంటే చెత్త పట్టుకుపో. వచ్చిన కొత్తలో రోజుకు వందసార్లు వినేదాన్ని. చిన్నప్పుడు అమ్మాయి చేతులు చాచి "షీలీనీ" అంటే, నన్నెత్తుకో అని. తియ్యడానికీ ఎత్తుకోవడానికీ వీళ్ళకు ఒకటే మాట. ఇక 'కుర్సీ' మీకు చెప్పక్కర్లేదు, మన కుర్చీయే. కాకపోతే కారు సీటును కూడా వీళ్ళు కుర్సీ అనే అంటారు.

తరవాతి గురువారం మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతున్నాను. ఆఫీసు నుంచి అమ్మాయి ఫోను. వెనక ఎవరో మాట్లాడుతున్నారు, అది తొందరలో ఉంది. తొందరలో ఉంటే దానికి తెలుగు రాదు.

"ఖాలా, కుర్సీ షీలి. అల్‌హీన్." అంటే, ఇప్పుడే. ఫోను పెట్టేసింది.

బియ్యం నీళ్ళలోనే వదిలేసి నిలబడ్డాను. చివరికి ఆ మాట నాకే చెప్పింది, నాచేతే తీయిస్తోంది అనుకున్నాను. తమ్ముడితో చెప్పలేదు, ఎదురుగా నిలబడి చెప్పలేదు, ఫోనులో రెండు మాటలు. తరవాత నా రోషం నాకొచ్చింది. తియ్యమంటే తియ్యలేననుకుందా? చేతులు తుడుచుకుని షెడ్డులోకి వెళ్ళి, పానాల పెట్టె తెరిచాను.

మూడు బోల్టులు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది రాలేదు, అదొక్కటే నా పక్షం. పానా మీద కాలు పెట్టి తొక్కితే కిర్రుమని కదిలింది. ఏడ్చానా అంటే ఏడ్చాను, ముక్కు చీదుకుంటూ, తిట్టుకుంటూ, బోల్టులు చున్నీ కొంగున ముడేసుకుంటూ. పసుపు ప్లగ్గు జాగ్రత్తగా ఊడదీశాను. సీటు కింద మూడు తలపిన్నులూ వేరుశెనగ తొక్కలూ ఉన్నాయి. ఎన్ని శుక్రవారాల తొక్కలో! అవి కూడా ఊడ్చి ఎత్తాను. సీటును రొమ్ముకి ఆనించుకుని బయటికి లాగి, పాతిక కిలోల బియ్యం బస్తాలు మోసిన నడుమే కదా అని ధైర్యం చెప్పుకుని, కాటాకు తగిలించాను. ఇరవయ్యొక్క కిలోల నాలుగొందల గ్రాములు. కావలసిన దానికన్నా రెండు కిలోలు ఎక్కువే. ఇంట్లోకి మోసుకెళ్ళి, తడిగుడ్డతో తుడిచి, నా గదిలో మంచం పక్కన పెట్టాను. పెట్టడానికి ఆ ఇంట్లో నాకు వేరే చోటు లేదు.

మూడింటికి తమ్ముడు లారీ తీసుకుని వచ్చాడు. బండిని అరాద్ గ్యారేజీకి పట్టుకెళ్ళి, చక్రాలు చూసి, బరువు తూచి ఉంచాలట. షెడ్డులోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, గిదేంది? సీటేది?"

"తీసేశాను. తియ్యమంది."

"ఎవలు తీయుమన్నరు?"

"మీ మేడమే. ఫోను చేసి మరీ చెప్పింది, కుర్సీ షీలి అని."

తమ్ముడు నన్ను చూశాడు. బండి వెనక ఉన్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీని చూశాడు. "ఓ అక్కా," అన్నాడు నెమ్మదిగా, "లారీ వెనక్కి రావాలె గదా. దారికి కుర్చీ అడ్డం ఉన్నదని గేటు కెమెరాల జూసి, మా ఖాలాకు తీయుమని చెప్పిన అన్నది నాతోని. గీ కుర్చీ. గీ ప్లాస్టిక్ కుర్చీ!"

కుర్చీ ఉన్నచోటే ఉంది. నేను తప్ప అందరూ దాన్ని చూశారు. తమ్ముడు నవ్వు ఆపుకోవడానికి లారీ అవతలికి వెళ్ళాడు, అయినా వినబడింది. సీటు మళ్ళీ బిగిద్దామా అన్నాడు తిరిగొచ్చి. అమ్మాయి వచ్చాక చూసుకుంటుందిలే, నువ్వు బండి తీసుకుని పో అన్నాను. ఆ నిమిషంలో వాడికి నా ముఖం చూపించడం నాకు ఇష్టం లేదు.

అయిదింటికి అమ్మాయి వచ్చింది. తమ్ముడు అప్పటికే చెప్పేసినట్టున్నాడు, బూట్లయినా విప్పకుండా నేరుగా నా గదికి వచ్చింది. మంచం పక్కన సీటు చూసింది. అందులో కూర్చుంది. కూర్చుని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నవ్వు, నవ్వు. వారం నుంచి ఇంటిల్లిపాదీ నా సీటు గురించే మాట్లాడుతున్నారు. నువ్వు ఒక్కసారి వద్దనలేదు. నాకు ఉన్నది వారానికి ఒక్క గంట. అదీ బరువైపోయానా?" అనేశాను. పద్దెనిమిదేళ్ళలో దాంతో నేను అలా మాట్లాడలేదు. మాట బయటికి వచ్చాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నవ్వు ఆగిపోయింది. "ప్లాస్టిక్ కుర్చీ తియ్యమన్నాను ఖాలా. నీ సీటు తియ్యమంటానేటి? ఆళ్ళు అంటన్నారు గాని నేనన్నానేటి? వారం నుంచి ఇంకెక్కడ తగ్గుద్దా అని ఎతుకుతానే ఉన్నాను. నీకు చెప్పాలని తోచలేదు. నీ సీటని అందరికీ తెలుసనుకున్నాను."

నీ సీటు అంది. రెండుసార్లు అంది. నాకు ఇంకేం కావాలి? కొంగుతో ముఖం తుడుచుకుని చాయ్ పెట్టడానికి లేచాను. అప్పుడు అది, నేల చూస్తూ, చిన్న గొంతుతో అడిగింది. "ఎంత తూగింది?"

"ఇరవయ్యొకటి నాలుగొందలు."

దాని ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. కార్టను ముందు కూర్చుని, రెండిట్లో ఏదీ తియ్యలేనివాళ్ళ ముఖం అది. పంతొమ్మిది దొరికింది, దొరికిన చోటు మాత్రం ఇది. అమ్మాయి అడగదు. అడగకుండా బరువు బండ్ల వరసలో చేరి, చివర వచ్చి, నాకోసమేనని ఒక్కనాటికీ చెప్పదు. నేను పెంచిన పిల్ల, నాకు తెలియదా?

"శనివారం ఒక్కపూటకేగా," అన్నాను. "నాలుగు బోల్టులు. తీసినదాన్ని బిగించలేనా? వెళ్ళి పరుగెత్తించుకో."

"మరి నువ్వెలా వస్తావు?"

"నేనెందుకు?"

"నువ్వు రాకపోతే నేను ఎళ్ళను," అంది. అది మొండికేస్తే వాళ్ళమ్మ వల్లే కాదు, నావల్ల ఏమవుతుంది?

అలా ఆ శనివారం నేనూ నా సీటూ తమ్ముడి పికప్పులో సాఖిర్ వెళ్ళాం. వాడు గ్యారేజీలో సెలవు పెట్టుకున్నాడు. సీటు వెనకాల తాళ్ళతో కట్టి, నేను ముందు. దారి పొడవునా వాడు నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. "కుర్చీ తెచ్చుకొని ఆటకు పోయేటోళ్ళను జూసిన గాని, కారు సీటు తెచ్చుకునేటామెను నిన్నే జూసిన అక్కా."

నాలుగు చక్రాల కింద నాలుగు పలకలు పెట్టి బండిని తూచారు. గీత కన్నా రెండు కిలోలు తక్కువ. నా లెక్కకు నాలుగొందల గ్రాములు తేడా వచ్చింది, అది వాళ్ళ కాటా తప్పని ఇప్పటికీ నా నమ్మకం. అమ్మాయి హెల్మెట్టు పెట్టుకుంటూ నాకోసం చుట్టూ చూసింది. తమ్ముడు సీటును నీడలో, కంచెకు దగ్గరగా నేల మీద దింపాడు. "కూసో అక్కా, మహారాణి లెక్క." కూర్చున్నాను. కాస్త వెనక్కి ఒరిగింది గాని బాగానే ఉంది. లక్షల ఖరీదు బండ్లు తెచ్చుకున్న అరబ్బులు, నేల మీద కారు సీట్లో కాళ్ళు చాచి కూర్చున్న ఆడమనిషిని చూసి చూసి పోతున్నారు. ఒకతను ఫోటో కూడా తీశాడు. తీసుకోమన్నాను.

మూడు చుట్లు. బండి నా ముందు నుంచి దూసుకుపోయిన ప్రతిసారీ సీటు అంచు పట్టుకుని ముందుకు వంగాను. టాపు లేదు, పక్కన మనిషి లేదు, బోసిగా ఉన్న ఆ బండిలో అది మరీ చిన్నపిల్లలా కనిపించింది. మూడో మలుపులో వెనక చక్రాలు జారాయి. నేను లేచి నిలబడి ఏం అరిచానో నాకు గుర్తులేదు. తమ్ముడు మాత్రం, "మొత్తం సాఖిర్‌కు నీ కోనసీమ బూతులు నేర్పినవ్ అక్కా," అంటాడు.

తిరిగి వచ్చి బండి ఆపింది. హెల్మెట్టు తీసింది, జుట్టంతా చెమట. అందరూ అంకెలు పడే బోర్డు వైపు పరుగెత్తుతున్నారు. అది బోర్డు వైపు తల కూడా తిప్పలేదు. తమ్ముణ్ణి పానా అడిగింది. నన్ను లేపి, సీటుకు ఒకవైపు వాణ్ణి పట్టుకోమని, రెండోవైపు తను పట్టుకుని బండిలోకి దింపింది. పసుపు ప్లగ్గు టక్కున పడింది. అది లోపల బోర్లా పడుకుని బోల్టులు తిప్పుతోంది, కాళ్ళు బయట ఉన్నాయి.

అప్పుడు మైకులో దాని పేరు పిలిచారు. తేలిక బండ్ల వరసలో మూడో స్థానం. తమ్ముడు ఎగిరి గంతేశాడు.

"అమ్మలూ, నిన్నే పిలుస్తున్నారు," అన్నాను.

"ఉండమను. ఇంకా రెండున్నాయి."

రెండోసారి పిలిచారు. నేను దాని కాలు పట్టి లాగాను. కాలు విదిలించింది. మూడోసారి పిలిచినప్పుడు మైకులో మనిషి గొంతులో విసుగు కూడా వినబడింది. నాలుగో బోల్టు బిగిసింది. అది గ్రీజు చేతులతోనే నన్ను సీట్లో కూర్చోబెట్టి, బెల్టు తగిలించి, రెండుసార్లు గట్టిగా లాగి చూసి, అప్పుడు పరుగెత్తింది.